ఇంటి గుమ్మం కనబడే చేను

పామర్రు దాటాక కాలవగట్టు వెంట లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో, ఏ చేనైనా చౌడు పట్టి పంట రాకుండా పోతే ఆసాములు ఒకరితో ఒకరు అనుకునే మాట ఒకటుంది: "రెండేళ్లు మార్తకిచ్చి చూడు." మెచ్చుకోలుగానే అంటారు. ఆ మాట మొదటిసారి చెవిన పడ్డప్పుడు మార్త సంతోషపడింది కూడా. రెండేళ్ల తర్వాత ఏమవుతుందన్నది ఆ మాటలోనే ఉందని అర్థం కావడానికి ఆమెకు మూడు చేలు పట్టింది.

మార్తది ఆ ఊరి పేటే. పెళ్లి కూడా పేటలోనే, అంతోనితో. అంతోనిది తాపీ పని. తొంభైల్లో బెజవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల అపార్టుమెంట్లు లేస్తున్న రోజులవి. సోమవారం మొదటి బస్సుకు పోయి శనివారం పొద్దుగూకాక వచ్చేవాడు. వారమంతా ఇంట్లో మార్త, చూపు సరిగా ఆనని ముసలి అత్త. ఊరందరి చేలల్లో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసిన చేతులకు తమదంటూ ఒక చేను కావాలనిపించడంలో వింతేముంది? కొనే మాట కలలో కూడా లేదు. కౌలుకే. మంచి చేలు పేటవాళ్లకు కౌలుకు దొరకవు. దొరికేవల్లా చౌడు తేలినవి, కాలవ చివర నీళ్లందనివి.

మొదటి చేను తీసుకున్న ఏడే పంచాయతీ ఆఫీసు దగ్గర వ్యవసాయ శాఖ వాళ్లు మీటింగు పెట్టారు. జీలుగ విత్తనాలు సబ్సిడీ మీద ఇస్తామని, వరికి ముందు చల్లి పూత మీద దమ్ములో తొక్కితే చౌడు విరుగుతుందని చెప్పారు. కుర్చీల్లో కూచున్నవాళ్లలో సగంమంది టీ తాగి లేచిపోయారు. గోడవారగా నిలబడ్డ మార్త మాత్రం ఆ కుర్ర ఆఫీసరు పీకి చూపించిన మొక్క వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. వేళ్లకు ఆవగింజల్లాంటి బుడిపెలు. ఆయన ఒకదాన్ని గోటితో చిదిమాడు. లోపల ఎర్రగా ఉంది.

"ఇందులో కంటికి కనపడని జీవులుంటాయమ్మా. గాల్లో ఉన్న నత్రజని పట్టి మొక్కకి పెడతాయి. ఇట్లా ఎర్రగా ఉంటే బాగా పనిచేస్తున్నట్టు."

"కడుపులో బిడ్డలాగానా అండీ?"

"దాదాపు అంతే. కాకపోతే ఇక్కడ బిడ్డే తల్లికి తిండి పెడుతుంది."

అందరూ నవ్వారు. మార్త నవ్వలేదు. ఆ మాట ఆమెకు నచ్చింది.

ఆ చేను రెండో ఏటికి నల్లగా లేచింది. మూడో ఏడు ఆసామి తోడల్లుడు చేసుకుంటానన్నాడట, వెనక్కి తీసుకున్నారు. రెండో చేను, మూడో చేను కూడా అంతే. ఒకే మనిషికి ఏళ్ల తరబడి కౌలుకిస్తే రేపు చట్టం పేరు చెప్పి హక్కు అడుగుతారని ఆసాములకు భయం. అందుకే మనిషిని మారుస్తూ ఉంటారు. సబ్సిడీ విత్తనమైనా అంతే, భూమి పాసుపుస్తకం ఉన్నవాళ్లకే ఇస్తారు. ఆ రకంగా చూస్తే, ప్రభుత్వం దృష్టిలో మార్త తన జన్మలో గుప్పెడు జీలుగ కూడా చల్లలేదు.

2000లో సుస్మిత పుట్టింది. పిల్లకు రెండేళ్లు నిండకముందే ఒక మధ్యాహ్నం జ్వరం కాసింది. అప్పుడు మార్త ఊరికి అంత దూరాన, కాలవ చివరి చేలో కలుపు తీస్తోంది. ఎవరో కేకేస్తే గట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తి వచ్చేసరికి, అత్త ఒళ్లో పిల్ల కళ్లు తేలేసి కొట్టుకుంటోంది. "ఏమైందే దీనికి, నాకు కనపట్టంలా, ఏమైందే" అని ముసలామె ఏడుపు. పామర్రులో డాక్టరు గారు పిల్లను పరీక్షించి నెమ్మదిగా చెప్పారు.

"జొరం పెరిగినప్పుడు కొందరు పిల్లలకి ఫిట్స్ వస్తాయమ్మా. ఐదేళ్లు దాటాక చాలామందికి పోతాయి. ఈలోగా ఒళ్లు కాలితే వెంటనే మందు పొయ్యాలి, తడిగుడ్డతో తుడవాలి. ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. చూపున్న మనిషి దగ్గరుండాలి."

ఆ రాత్రి నుంచి మార్తకు రెండే లెక్కలు. పిల్లకు ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయి, అప్పటిదాకా తను ఎంత దగ్గర్లో ఉండగలదు.

పేట వెనకనే బసవపున్నయ్య గారి రెండెకరాలు ఉండేవి. ఆయన ఎప్పుడో బెజవాడ చేరి గవర్నర్‌పేటలో మోటారు పంపుసెట్ల కొట్టు పెట్టుకున్నాడు. చేలో సగానికి సగం తెల్లగా ఉప్పు పేరుకుని ఉండేది, ఎవరూ ఆశపడేవారు కాదు. ఆయన ఊరొచ్చిన రోజు మార్త గట్టు మీదే పట్టుకుని మూడేళ్లకు కౌలుకు అడిగింది.

"మూడేళ్లా? ఎవరికీ రెండేళ్లు మించి ఇవ్వను మార్తా. నీకు తెలీందేముంది."

"తెలుసు బాబుగారూ. మొదటి ఏడు వచ్చేది సగం పంటే. రెండో ఏడు కౌలుకి సరిపోద్ది. మూడో ఏడే నాకేమన్నా మిగిలేది. అయినా దాని కోసం కాదండి. మా పాపకి ఐదేళ్లు నిండేదాకా ఇంటి దగ్గర ఉండాల."

"నీ పాపకీ నా చేనుకీ ఏంటమ్మా సంబంధం?"

"ఈ గట్టు మీద నిలబడితే మా గుమ్మం కనపడుద్దండి."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నిజమే, నీలం రంగు తలుపు, దాని ముందు నులకమంచం. నవ్వాడు.

"సరే పో, మూడేళ్లు నీదే. విత్తనాలు నా పాసుపుస్తకం మీద తెచ్చుకో. ఎవడన్నా అడిగితే బసవపున్నయ్య చల్లించాడని చెప్పు."

మొదటి ఏడు అనుకున్నట్టే సాగింది. నడుమెత్తు జీలుగ, వేళ్ల నిండా ఎర్రటి బుడిపెలు. వాటిని చిదిమి పిల్లకు చూపించేది. ఒళ్లు కాలితే గుమ్మానికి ఎర్ర తువ్వాలు వేలాడదీయమని అత్తకు నేర్పింది. పని చేస్తూ గడియకోసారి తలెత్తి గుమ్మం వైపు చూసుకునేది. ఆ ఏడు రెండుసార్లు జ్వరమొచ్చింది. రెండుసార్లూ తువ్వాలు చూసి పరిగెత్తి, ఫిట్ రాకముందే ఒళ్లు చల్లార్చింది.

రెండో ఏడు వచ్చింది అసలు ముప్పు.

డెల్టాలో పుట్టినవాళ్లకు మృగశిరలో కాలవ రావడమంటే సూర్యుడు తెల్లారి రావడం లాంటిదే. నారుమళ్లు, నాట్లు, ఆఖరికి పెళ్లి ముహూర్తాలు కూడా దాన్నిబట్టే పెట్టుకుంటారు. ఆ ఏడు రోహిణి కార్తెలో ఒక పెద్ద వాన కురిసింది, విత్తనాలూ ముందే వచ్చాయి. కాలవొచ్చేటప్పటికి జీలుగ ఎదిగి ఉంటే దమ్ము త్వరగా అయిపోతుందని మార్త వెంటనే చల్లేసింది. మొక్కను చూసి కాక కాలవను నమ్మి చల్లింది. మృగశిర వెళ్లింది, ఆరుద్ర వచ్చింది. ఎగువన డ్యాములు నిండలేదన్నారు. కాలవలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు.

జీలుగకు మాత్రం కాలవ నీళ్లతో పనిలేదు. రోహిణి వాన తాగిన నేలలోంచి మోకాలెత్తు లేచింది, నడుము దాటింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి అంతోని చేను చుట్టూ తిరిగాడు.

"పొడిలోనే దున్నించేద్దామే. ఇంకా లేతగా ఉంది."

"పూత రాలేదుగా మావా. పూత మీదైతేనే బలం అని చెప్పారు."

"నీళ్లొస్తాయని కూడా చెప్పారు."

"వచ్చే వారం వదుల్తారంట."

"ఎవరు చెప్పారు?"

"పాస్టరుగారు ప్రార్థన చేశారుగా ఇందాక."

"ఆయన ప్రార్థన ఎగువన ఆల్మట్టి డ్యాము దాకా పోవాలంటే టైము పట్టుద్దే."

నవ్వుకున్నారు గానీ దున్నించలేదు. పూత వచ్చేసరికి నేల రాయిలా అయింది, నాగలి దిగదు. పూత రాలింది. కాడలు కర్రలయ్యాయి. చెరుకు తోటలా తల పైకి లేచిన ఆ పచ్చదనం ముందు నిలబడి ఒకరోజు మార్త అలవాటుగా ఇంటి వైపు చూసింది. గుమ్మం లేదు.

ఎక్కడ నిలబడినా జీలుగే. కాళ్ల మునివేళ్ల మీద లేచినా జీలుగే. పిల్లకు దగ్గరగా ఉండడానికి తీసుకున్న చేను, తన చేత్తో చల్లిన పైరు, ఇప్పుడు తనకూ పిల్లకూ మధ్య గోడ. దున్నడానికి లేదు, వదిలి పోవడానికి లేదు. పోతే కౌలు ఎక్కణ్నుంచి కట్టాలి? పక్కవాళ్ల చేలు నోరు తెరిచి బీడుగా ఉన్నాయి, వాళ్లకు బాధే గానీ బరువు లేదు. ఆమె చేను మాత్రం రోజూ కొంత పైకి లేస్తోంది. రాత్రిళ్లు గాలికి అది గలగలమంటుంటే, పాములు చేరాయేమోనని పిల్లను గోడవైపు పడుకోబెట్టి తను గుమ్మం వైపు పడుకునేది.

చివరికి కొడవలి తీసుకుని గట్టు నుంచి ఇంటికి తిన్నగా, మనిషి పట్టేంత వెడల్పున బాట కొట్టింది. బాట ఆ కొసన నీలం తలుపు చిన్న ముక్కగా కనబడింది. ఆ రోజే మధ్యాహ్నం ఆ ముక్కలో ఎర్రగా ఏదో ఊగింది. కొడవలి విసిరేసి పరిగెత్తింది. నరికిన మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటున్నా ఆగలేదు. పిల్ల అరుగు మీద కూచుని మామిడి టెంక చీకుతోంది.

"ఏమైందత్తా?"

"ఏమవ్వాలా?"

"తువ్వాలేశావుగా!"

"ఉతికా. తడి ఆరొద్దా?" అంది అత్త. "ఇంకేదన్నా దండెం కట్టావా నువ్వు నాకు?"

మార్త అరుగు మీద కూలబడి, కాళ్ల నుంచి కారుతున్న నెత్తురు చూసుకుంటూ కాసేపు నవ్వింది, కాసేపు ఏడ్చింది.

మఖ కార్తెలో కాలవ వచ్చింది. ఊళ్లో ట్రాక్టరున్న రత్తయ్య చేను చూసి నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఇది జీలుగా మార్తా, సరుగుడు తోటా? దమ్ముకేసే ఇనప చక్రాలకి చుట్టుకుంటే నా బండి ఇక్కడే దిగబడుద్ది. నేను దున్నను."

"కొట్టిస్తా బాబాయ్. రేపటికల్లా కొట్టిస్తా. నువ్వు ఇంకెవరికీ ఒప్పుకోమాక."

పేటలో ఆడవాళ్లందరికీ మార్త ఎప్పుడో ఒకప్పుడు బదులు పని చేసిపెట్టింది. కొడవళ్లు పట్టుకుని అందరూ దిగారు. మోకాలి లోతు నీళ్లలో నరుకుతూ, మార్త మీద జోకులేస్తూ, లావు కర్రలన్నీ పొయ్యిలోకని మోపులు కట్టుకుని పోయారు. ఆకూ కొమ్మా చేలోనే మిగిలాయి. రత్తయ్య ట్రాక్టరు దించాడు. రెండు చాళ్లు తిరిగాక ఏదో అనుమానం వచ్చినవాడిలా బండి ఆపి వెనక్కి చూశాడు.

"ఏంటి మార్తా, చక్రం ఇంత మెత్తగా దిగతంది? ఇదివరకు ఈ చేలో ఎగిరెగిరి పడేది."

అంతకాలం భయంతో బిగుసుకున్న మార్తకు ఆ మాటతో లోపలేదో వదులయింది.

"చెయ్యి పెట్టి చూడు బాబాయ్."

రత్తయ్య కిందికి దిగి బురదలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది.

"తెల్లగా ఉండే ఆ మూల కూడా పోయింది చూశావా? వేసవిలో ఉప్పు తేల్లేదు ఈసారి," అని మార్త చెప్పుకుపోయింది. ఆ మూలకీ ఈ మూలకీ తిప్పి చూపించింది. బిడ్డ నడక వచ్చిందని చూపించే తల్లిలా ఉంది ఆమె. "వచ్చే ఏడు జీలుగ కూడా అక్కర్లా. వూరికే నాటేసినా లేస్తది."

రత్తయ్య చెయ్యి కడుక్కుని, ఆ తెల్ల మూల వైపు ఇంకోసారి చూసి బండెక్కాడు.

రత్తయ్య బోరు కింద పోసుకున్న నారే తెచ్చి మార్త నాటింది. ముదురు కాడలు కుళ్లడానికి నేలలో ఉన్న బలాన్నే ముందు లాక్కుంటాయి కాబట్టి నాటిన పైరు పచ్చబడకుండా చాలా రోజులు పసుప్పచ్చగా నిలబడింది. ఆ సంగతి మార్తకు ఎవరూ చెప్పలేదు. రోజూ గట్టు మీద నిలబడి ఒకసారి పైరునూ ఒకసారి గుమ్మాన్నీ చూసుకుంటూ, రెండూ తన చేతుల్లోంచి జారిపోతున్నాయనుకుంది. తర్వాత కుళ్లడం పూర్తయ్యి, ఒక వారంలో చేనంతా నల్లగా తిరిగింది. సంక్రాంతి దాటాక కుప్ప నూర్చితే ఆ చేలో ఎవరూ చూడనంత ధాన్యం వచ్చింది. తర్వాత మినుమూ బాగా కాసింది.

ఎండాకాలంలో రత్తయ్యే పేటకు వచ్చాడు. కూచోమన్నా కూచోలేదు.

"నేనడగలా మార్తా. బసవపున్నయ్య గారే ఫోన్లో అడిగాడు, చేను ఎట్టా ఉందిరా అని. ఉన్నది చెప్పా."

"కౌలు ఎక్కువ ఇస్తానని కూడా చెప్పావా బాబాయ్?"

"చెప్పా. నేను కాకపోతే ఇంకోడు చెప్తాడు. నువ్వే చూపించావుగా నాకు, మోచేతి దాకా."

మర్నాడు మార్త సుస్మితను చంకనెత్తుకుని బెజవాడ బస్సెక్కింది. గవర్నర్‌పేట కొట్లో బసవపున్నయ్య కౌంటరు వెనక ఉన్నాడు. చూడగానే మొహం విప్పారింది.

"రా మార్తా, పాపని కూడా తెచ్చావా? ఫ్యాను కిందకి రా. చేను బంగారం చేశావంటగా!"

"మూడేళ్లన్నారండి."

"అన్నా. కాదన్నానా?"

"ఇంకో ఏడుందండి."

"ఇట్టా చూడు. మూడేళ్లు ఎందుకడిగావు నువ్వు? జీలుగేసి చేను బాగుచెయ్యడానికేగా. రెండేళ్లకే బాగయింది. ఇంక అక్కడ నీకు పనేముంది?"

మార్త ఆయన మొహంలోకి చూసింది. ఆయన దబాయించడం లేదు. నిజంగా అలాగే అనుకుంటున్నాడు.

"పాప కోసం అడిగానండి. ఇంకా ఐదు నిండలేదు."

"పాపకేం, చక్కగా ఉంది. ఏమ్మా, బిస్కత్తు తింటావా?" అని డబ్బా తీసి పిల్ల చేతిలో పెట్టాడు. "నేను నిన్ను ఊరికే వదుల్తానా? మా బావమరిదికి మూడెకరాలుంది, మురుగుకాలవ అవతల. ఉప్పు తేలి గడ్డి కూడా మొలవదు. నేనే చెప్పా, మా మార్తకివ్వరా, దాని చెయ్యి మంచిదని. మొదటి ఏడు సగం కౌలిస్తే చాలు. విత్తనాలు వాడి పుస్తకం మీద తెచ్చుకో."

"మురుగుకాలవ అవతలంటే ఊరికి చాలా దూరమండి. నా వల్ల కాదు."

"తొందరేం లేదు. సాయంత్రం దాకా కొట్లోనే ఉంటా."

మార్త బయటికి వచ్చి బందరు రోడ్డు మీద బస్టాపులో నిలబడింది. పామర్రు బస్సు వచ్చింది. కండక్టరు తలుపు కొడుతూ "ఎక్కమ్మా, ఎక్కు" అన్నాడు. కదల్లేదు. చేను వద్దంటే కూలి. కూలికి పోతే ఏ రోజు ఎవరి చేలో ఉంటుందో తనకే తెలియదు, పిల్లకు జ్వరమొచ్చిందని మధ్యలో వస్తే ఆ రోజు కూలి పోతుంది, మర్నాడు పిలవరు. ఆ మూడెకరాలు తీసుకుని జీలుగ వెయ్యకపోతే ఉప్పులో వరి చచ్చి తనే మునుగుతుంది. వేస్తే రెండేళ్లలో చేను బాగుపడుతుంది. బాగుపడితే ఏమవుతుందో ఇప్పుడే చూసి వచ్చింది. ఎటు తిప్పి చూసినా అక్కడికే వస్తోంది. ఇంకో బస్సు వచ్చింది, వెళ్లిపోయింది.

"అమ్మా, మనం బస్సెక్కమా?" అంది సుస్మిత, నోటి చుట్టూ బిస్కత్తు పొడి.

మార్త కొంగుతో పిల్ల మూతి తుడిచి వెనక్కి నడిచింది.

బసవపున్నయ్య ఆశ్చర్యపోలేదు. "వచ్చావా" అని స్టూలు ముందుకు లాగాడు. మార్త కూచోలేదు.

"ఆ చేలో గట్టు మీద నీడుందా బాబుగారూ? చెట్టు గానీ, పాక గానీ?"

"ఏమో మార్తా. నేనెప్పుడూ అటు పోలా."

"పాపని నాతోనే తీసుకుపోవాల. ఇంటి దగ్గర వదిలి అంత దూరం పోలేను. నాలుగు వాసాలు, మీద కప్పడానికి తాటాకులు మీ బావమరిది గారినే ఇప్పించమనండి. పాక లేచాకే విత్తనం చల్లుతా. ముందు చల్లను."

"పాకా? కౌలుకిచ్చినవాడు పాకెందుకు వేయిస్తాడమ్మా?"

"వెయ్యకపోతే మీ మార్తని ఇవ్వనని చెప్పండి."

బసవపున్నయ్య ఫోను దగ్గరకు లాక్కుని బావమరిది నంబరు తిప్పడం మొదలుపెట్టాడు.